బియ్యం ఎక్కుతుంటే దిగే నీళ్లు

పోయిన సంచికలో కాకినాడ రేవు గురించి రాస్తూ ఓడలు బరువు కోసం ట్యాంకుల్లో నింపుకునే నీళ్లు, అంటే బ్యాలస్ట్ నీళ్ల మాట ఒకటి అన్నాను. దాని మీద ఉత్తరాలూ వాట్సాప్ మెసేజులూ చాలా వచ్చాయి. అందుకే ఈసారి ప్రశ్నలు–జవాబుల శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాం. ఒకే సంగతి చాలామంది అడిగిన చోట ప్రశ్నలు కలిపేశాం.

ప్రశ్న: మా నాన్నగారు బార్జీ మీద పనిచేస్తారండి. బియ్యం ఎక్కించే ఓడ పక్క నుంచి పెద్ద ధారగా నీళ్లు పడుతూనే ఉంటాయని, రాత్రిళ్లు కూడా ఆగవని చెప్తుంటారు. అది ఓడలో మురుగు నీరా? అన్ని నీళ్లు ఎక్కడివి?
— డిగ్రీ విద్యార్థి, జగన్నాథపురం, కాకినాడ

మురుగు కాదు. ఓడ పక్క నుంచి ఎప్పుడూ సన్నగా పడుతుండేవి చాలావరకు ఇంజన్లను చల్లబరిచి బయటికి పోయే నీళ్లు, వాటితో మనకు పేచీ లేదు. సరుకు ఎక్కుతున్నప్పుడు గంటల తరబడి లావుగా పడే ధార వేరు, అదే బ్యాలస్ట్. ఖాళీ ఓడ నీటి మీద తేలిపోతుంది, అటూ ఇటూ ఊగుతుంది, వెనక ప్రొపెల్లర్ సగం పైకి వచ్చేస్తుంది. మన నాటు పడవలో బరువు లేనప్పుడు అడుగున ఇసుక బస్తాలు వేసుకున్నట్టే ఓడ కూడా బరువు కోసం అడుగునా పక్కలా ఉండే ట్యాంకుల్లో సముద్రపు నీళ్లు నింపుకుంటుంది. పాతకాలం చెక్క ఓడల్లో రాళ్లూ ఇసుకా వేసేవారు, మన కోరంగి పెద్ద రేవుగా వెలిగిన రోజుల్లో వచ్చిన ఓడలవీ అవే. ఇనప ఓడలూ పంపులూ వచ్చాక రాళ్లు పోయి నీళ్లు వచ్చాయి.

ఇప్పుడు అసలు సంగతి. నీళ్లు ఎక్కించుకునేది సరుకు దింపిన రేవులో, వదిలేది సరుకు ఎక్కించే రేవులో. కాకినాడ మన దేశంలో బియ్యం ఎగుమతికి పేరు మోసిన రేవు, ఇక్కడి బియ్యం పశ్చిమ ఆఫ్రికా దేశాల దాకా పోతుంది. లంగరు వేసిన ఓడ దగ్గరికి బార్జీలు వెళ్లి, ఓడ క్రేన్లు బస్తాల కట్టలు పైకి లాగుతుంటే, ఆ బరువుకు సరిపడా నీళ్లు రెండో పక్క నుంచి దిగుతుంటాయి. యాభై వేల టన్నుల సరుకు పట్టే ఓడ ఖాళీగా వచ్చేటప్పుడు ఆ బరువులో సుమారు మూడో వంతు దాకా నీళ్లు మోసుకొస్తుంది. అంటే ఒక్క ఓడ పదిహేను వేల టన్నుల పైచిలుకు నీళ్లు మన కాకినాడ అఖాతంలో వదిలి, బియ్యం వేసుకుని పోతుంది. ఆ నీళ్లు ఏ ఊరివి అంటే, అంతకుముందు ఆ ఓడ ఎక్కడ సరుకు దింపిందో ఆ ఊరివి. ఎరువులూ పామాయిలూ బొగ్గూ దింపుకునే రేవులు తమ నీళ్లు పంపిస్తాయి, ధాన్యమూ ఖనిజమూ ఎక్కించే రేవులు పైవాళ్ల నీళ్లు పుచ్చుకుంటాయి. మనం రెండూ చేస్తాం, కానీ బియ్యం లెక్కలో మాత్రం పుచ్చుకునే వైపే ఉన్నాం. మీ నాన్నగారు రోజూ చూస్తున్నది ఇదే.

ప్రశ్న: సముద్రంలో తీసిన నీళ్లు సముద్రంలోనే పోస్తున్నారు కదా, ఇందులో ముంచుకొచ్చే ప్రమాదం ఏముంది మేడమ్?
— గృహిణి, తాళ్లరేవు

న్యాయమైన ప్రశ్నే. సముద్రం ఒకటే అయినా అందులో బతికేవి అన్ని చోట్లా ఒకటి కావండి. అమెరికా ఒడ్డున ఉప్పుటేరులో బతికే గుల్లకు నడి సముద్రం దాటి మన వైపు రావడం చేతకాదు, మధ్యలో వేల మైళ్ల పొడుగునా ఉన్న లోతైన నీళ్లే దానికి గోడ. ఓడ ట్యాంకు ఆ గోడ దాటించేస్తుంది.

ట్యాంకులోకి నీళ్లు తోడుకునే చోట జల్లెడలు ఉంటాయి. పెద్ద చేపలు ఆగుతాయి. కానీ గుల్లలు, పీతలు, రొయ్యలు, చేపలు అన్నీ పుట్టినప్పుడు కంటికి ఆనని పిల్లలు, నీళ్లలో కొట్టుకుపోతూ బతుకుతాయి. వాటితో పాటు నాచు, సూక్ష్మజీవులు, గుడ్లు. ప్రపంచంలో ఏ రోజు చూసినా ఓడల ట్యాంకుల్లో వేల జాతులు ప్రయాణంలో ఉంటాయని అంచనా. చాలావరకు చీకట్లో చచ్చిపోతాయి. దిగినవాటిలో కూడా చాలా జాతులు కొత్త చోట ఒంటరిగా నాలుగు రోజులు బతికి మాయమవుతాయి. ఏ వందలోనో ఒకటికి ఉప్పు కుదిరి, వేడి కుదిరి, తినేవాడు లేక, కడుపు నిండా తిండి దొరికితే, ఇక దాన్ని ఆపే శక్తి మనకు ఉండదు.

నల్ల సముద్రంలో 1980ల మొదట్లో జరిగింది అదే. అమెరికా తూర్పు తీరానికి చెందిన దువ్వెన జెల్లీ ఒకటి, అరచేతిలో పట్టేంత, గాజులా పారదర్శకంగా ఉంటుంది, ఓడ నీళ్లలో అక్కడికి చేరింది. దాని తిండి చేపపిల్లలు తినే సన్నటి జీవులూ, చేపల గుడ్లూ. అక్కడి జనం మనం నెత్తళ్లు తిన్నట్టే తినే చిన్న చేప మీద బతికే జాలర్లు ఎందరో ఉన్నారు. ఆ దశాబ్దం చివరికొచ్చేసరికి ఆ వేట కుప్పకూలింది. తప్పంతా జెల్లీ మీదే తోసేయడం సరి కాదు, అప్పటికే చేపల్ని అతిగా పట్టేశారు, నదుల నుంచి ఎరువుల నీళ్లు కూడా వచ్చి పడుతున్నాయి. అలా నీరసించి ఉన్న సముద్రంలోకి ఇది దిగింది. 1997లో ఈ జెల్లీనే తినే మరో జెల్లీ వచ్చి చేరాక దాని జోరు తగ్గింది. అది కూడా ఎవరూ తెచ్చి వదల్లేదు, దానంతట అదే వచ్చింది. అలాంటి అదృష్టం మనకూ పడుతుందని ధైర్యంగా కూర్చోలేం.

ప్రశ్న: ఇవన్నీ విదేశాల సంగతులు. మన దేశంలో నిజంగా ఇలాంటిది వచ్చిందా? వస్తే మా యానాం, కోరంగి వైపు వచ్చే అవకాశం ఉందా?
— ఉపాధ్యాయుడు, యానాం

వచ్చిందండి, మన పక్కింటికే వచ్చింది. ఈ జవాబు కొంచెం పొడుగు అవుతుంది.

మొదటిది పాత కథ. కరీబియన్ వైపు పుట్టిన నల్ల చారల చిన్న గుల్ల ఒకటి 1967 ప్రాంతంలో విశాఖపట్నం హార్బర్‌లో కనబడింది. తర్వాత ముంబైలోనూ కనబడింది. రెండున్నర సెంటీమీటర్లకు మించదు, కానీ గుత్తులు గుత్తులుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి, గోడల్నీ గొలుసుల్నీ పడవల అడుగునీ కప్పేస్తుంది. వానలకు దాదాపు మంచినీళ్లయిపోయిన చోటా ఉంటుంది, నికార్సైన సముద్రపు ఉప్పులోనూ ఉంటుంది.

రెండోది ఇప్పటి కథ. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చారూ అనే ఆల్చిప్ప. 2018, 2019 నుంచి కేరళ బ్యాక్‌వాటర్స్‌లో దీని మీద గోల మొదలైంది. అష్టముడి సరస్సులో తినే గుల్లలు ఏరుకుని బతికేవాళ్లు వేలమంది. ఆ నేల మీదా, గుల్లలు పెంచే తాళ్ల మీదా ఇది పరుచుకుపోయింది. తర్వాత తూర్పు తీరంలో చెన్నై పక్కన ఎన్నూరు, కొసస్థలైయార్ నది, అక్కణ్ణుంచి పులికాట్ వైపు. నది అడుగు మీద చాప పరిచినట్టు పరుచుకుంటే రొయ్యలకు బురదలో దూరే చోటు ఉండదు, వలలు చిరుగుతాయి, మెడ లోతు నీళ్లలో దిగి చేతులతో రొయ్యలు పట్టేవాళ్ల కాళ్లు కోసుకుపోతాయి. జాలర్లు మొత్తుకోగా మొత్తుకోగా సంగతి జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఓడల ద్వారానే వచ్చి ఉంటుందని శాస్త్రవేత్తల అనుమానం. ట్యాంకు నీళ్లతోనా, ఓడ అడుగున అంటుకునా అన్నది తేల్చి చెప్పడం ఇలాంటి వాటిలో చాలా కష్టం. పులికాట్ అంటే సగం పైన మన రాష్ట్రమే, సూళ్లూరుపేట దగ్గర ఫ్లెమింగోలను చూడ్డానికి పిల్లల్ని తీసుకెళ్లే సరస్సే.

ఇక మీ రెండో ప్రశ్న. దీని గురించి మనవాళ్లు ఎక్కువగా మాట్లాడని కోణం ఒకటి ఉంది. ఎన్నూరు బొగ్గు దిగే రేవు. మన తూర్పు తీరంలో పారాదీప్, విశాఖ లాంటి చోట్ల ఎక్కిన బొగ్గు అక్కడి కరెంటు కేంద్రాల కోసం దిగుతుంది. దిగాక ఓడ ఖాళీ. ఖాళీ ఓడ అక్కడి నీళ్లే నింపుకుని మళ్లీ ఉత్తరానికి తిరుగుతుంది. ఇక్కడి దాకా ఒకటి రెండు రోజుల ప్రయాణం, గుల్ల పిల్ల నీళ్లలో తేలుతూ రోజుల తరబడి, కొన్నయితే వారాల తరబడి బతుకుతుంది. మనం ఆఫ్రికా నుంచి, అమెరికా నుంచి ఏమొస్తుందో అని భయపడుతుంటాం గానీ నాకు ఎక్కువ భయం ఈ దగ్గరి దారి మీదే.

గోదావరి సముద్రంలో కలిసే మొగల దగ్గర చారూకు కుదరని సంగతి ఏమీ లేదు. కోరంగి అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు, మడ చెట్ల వేళ్లు, బురద, గౌతమి పాయల నుంచి వచ్చే సగం ఉప్పు నీళ్లు. ముందు హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ 16 కిలోమీటర్ల పొడుగున అడ్డం పడుకుని అలల్ని ఆపేస్తుంది కాబట్టి లోపల అఖాతం ప్రశాంతంగా ఉంటుంది. ఓడలకు మంచి చోటు కావడానికి కారణం ఏదో, కొట్టుకొచ్చిన గుల్ల పిల్ల నిలదొక్కుకోవడానికి కారణమూ అదే. ఆ అఖాతంలోనే బుడిత గుల్లలు ఏరుకునే కుటుంబాలు ఉన్నాయి. బుడిత గుల్ల బురదలో ఉంటుంది, చారూ దాని నెత్తిన పరుచుకుంటే ఊపిరీ తిండీ రెండూ పోతాయి.

మనకు ఉన్న ఒక్క కాపలా గోదావరి వరద. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఎర్ర నీళ్లు వచ్చి మొగలన్నీ చప్పబడతాయి, సముద్రపు జాతులు చాలావరకు తట్టుకోలేవు. చారూ, నల్ల చారల గుల్ల రెండూ ఉప్పు తగ్గినా ఓర్చుకుంటాయి కాబట్టి వరద వాటిని పూర్తిగా తుడిచిపెట్టదు, జోరు తగ్గిస్తుంది. వేసవిలో ధవళేశ్వరం బ్యారేజీ దిగువకు వచ్చే నీళ్లు బాగా తగ్గిపోయి ఉప్పు పాయల్లో పైపైకి పాకుతుంది, ఆ నెలల్లో వాటికి చోటు పెరుగుతుంది. దిగువకు నీళ్లు వదలమని అడిగితే సముద్రంలోకి వృథాగా పోనిస్తారా అంటారు చాలామంది. మొగకు చేరే మంచినీళ్లు వృథా కాదని నేను గట్టిగా నమ్ముతాను, ఇది అందుకు ఒక కారణం మాత్రమే.

ప్రశ్న: మా కాలవల్లో గుర్రపు డెక్క, మొన్నామధ్య వలలో పడ్డ ఒళ్లంతా ముళ్ల పొలుసుల దెయ్యం చేప, ఇవి కూడా ఓడల్లో వచ్చినవేనా?
— రైతు, అమలాపురం దగ్గర

కాదు. గుర్రపు డెక్క పూలు బాగున్నాయని మనుషులు ముచ్చటపడి తెచ్చుకున్నది, పుట్టిల్లు దక్షిణ అమెరికా. దెయ్యం చేప అక్వేరియం అద్దాలకు పట్టిన నాచు తింటుందని ఇళ్లలో పెంచి, పెద్దదయ్యాక కాలవలో వదిలేసినది. రెండూ మంచినీళ్లవి. ఓడల మీద కోపంతో అన్నీ వాటికే అంటగడితే అసలు దారి మూయడం మరిచిపోతాం. ఇంట్లో అక్వేరియం ఉన్నవాళ్లు దయచేసి చేపల్ని కాలవలో వదలకండి.

ప్రశ్న: మేం వనామీ పెంచుతున్నాం. అదీ అమెరికా రొయ్యే. దాని వల్ల మా జిల్లా బాగుపడింది. పైనుంచి వచ్చిందల్లా చెడ్డదని ఎలా అంటారు? ఇంకో సంగతి, ఈ గుల్లలు వస్తే మా చెరువులకు టెన్షన్ ఏమైనా ఉందా?
— ఆక్వా రైతు, ముమ్మిడివరం

పైనుంచి వచ్చిందల్లా చెడ్డదని నేను అనలేదండి, మిరపకాయా టమాటా మన పుట్టుక కావు. తేడా ఎక్కడంటే, వనామీకి 2009లో అనుమతి ఇచ్చినప్పుడు రోగాలు లేని తల్లి రొయ్యల్నే తేవాలని, చెన్నైలో క్వారంటైన్‌లో పెట్టి పరీక్షించాకే హేచరీకి ఇవ్వాలని షరతులు పెట్టారు. ఆ జాగ్రత్త ఊరికే రాలేదు. 1990ల మధ్యలో తెల్లమచ్చ రోగం వచ్చి టైగర్ రొయ్య చెరువుల్ని ఊడ్చేశాక వచ్చిన బుద్ధి. ఆ వైరస్ ప్రధానంగా తల్లి రొయ్యలూ పిల్లల రవాణాతో దేశాలు దాటింది, ఓడ ట్యాంకులతో కాదు. ఒక జీవిని పరీక్ష లేకుండా తెస్తే ఏమవుతుందో మీ జిల్లా అప్పుడే చూసింది. బ్యాలస్ట్ నీళ్లు అంటే పరీక్ష లేకుండా, పేరు కూడా తెలియకుండా తెచ్చే వందల జాతులు.

చెరువుకు ప్రమాదం ఉంది, పాయ నుంచి నీళ్లు తోడుకునేవాళ్లకు. బోరు నీళ్లతో చేసేవాళ్లకు లేదనే చెప్పాలి. గుల్ల పిల్లలు మిల్లీమీటరులో పదో వంతు ఉంటాయి, పంపు గొట్టానికి కట్టే మామూలు వల సంచి వాటిని ఆపలేదు. లోపలికి వచ్చాయంటే తూము చెక్కలకీ, పైపులకీ, ఏరేటర్ ఫ్లోట్లకీ అంటుకుంటాయి. రొయ్య తినాల్సిన నాచునూ సన్నజీవుల్నీ ఇవి వడకట్టి తినేస్తాయి, పెంకు కట్టుకోవడానికి నీళ్లలోని కాల్షియం లాగేస్తాయి. రొయ్య పాత పెంకు విడిచినప్పుడు కొత్త పెంకు గట్టిపడాలంటే కావాల్సింది కూడా అదే కాల్షియం.

నీళ్లు ముందు రిజర్వాయర్ చెరువులో నిలబెట్టి బ్లీచింగ్ కొట్టి, వాసన పోయాక చెరువులోకి తీసుకునే అలవాటు ఉన్నవాళ్లు దాన్ని వదలకండి, పిల్ల దశలో ఉన్నవి దానికి చచ్చిపోతాయి. ఎదిగిన గుల్ల బ్లీచింగ్ తగలగానే మూత బిగించుకుంటుంది, రోజుల తరబడి తెరవదు, తర్వాత తాపీగా తెరుస్తుంది. దానికి మందు ఎండే. పంట తీశాక చెరువూ తూమూ పైపులూ బాగా ఎండనివ్వండి. గీకి తీసినవాటిని గట్టు మీద ఎండబెట్టి పూడ్చేయండి, పాయలో పడేస్తే పక్కవాడి చెరువుకు మీరే పంపినట్టు.

ప్రశ్న: ఓడ నీళ్లతో కలరా కూడా వస్తుందని ఎక్కడో చదివాను. నిజమేనా?
— నర్సింగ్ విద్యార్థిని, రాజోలు

ఓడ నీళ్లలో కలరా క్రిమి దొరికిన మాట నిజం. 1991లో దక్షిణ అమెరికాలో కలరా చెలరేగినప్పుడు, అక్కడి నుంచి అమెరికా గల్ఫ్ తీరానికి వెళ్లిన కొన్ని ఓడల బ్యాలస్ట్‌లో ఆ క్రిమి కనబడింది. అందుకే అంతర్జాతీయ నియమాల్లో దానికి ప్రత్యేకంగా హద్దు పెట్టారు. మన ఊళ్లో కలరా, విరేచనాలు వస్తే మాత్రం ముందు చూడాల్సింది తాగునీటి పైపు, మురుగు కాలవ. రేవు వైపు చూడక్కర్లేదు.

ప్రశ్న: ఇంత తెలిసినప్పుడు చట్టం ఏం చేస్తోంది? ఓడలవాళ్లను అడిగే నాథుడు లేడా?
— విశ్రాంత ఉద్యోగి, రామచంద్రపురం

ఉన్నాడండి, ఆలస్యంగా వచ్చాడు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2004లో ఒప్పందం రాసింది, అమల్లోకి వచ్చింది 2017 సెప్టెంబరు 8న. మధ్యలో పదమూడేళ్లు. తగినన్ని దేశాలు సంతకం పెట్టడానికి అంత కాలం పట్టింది. ఆ లోపల ఆ సంస్థ గ్లోబ్యాలస్ట్ అని ఒక కార్యక్రమం నడిపి, నేర్చుకోడానికి ప్రపంచంలో ఆరు రేవులు తీసుకుంటే అందులో మన ముంబై ఒకటి.

మొదటి పద్ధతి నడి సముద్రంలో నీళ్లు మార్చడం. ఒడ్డుకు 200 నాటికల్ మైళ్ల దూరంలో, కనీసం 200 మీటర్ల లోతున్న చోట, రేవులో ఎక్కించిన నీళ్లలో 95 శాతం తీసేసి అక్కడి నీళ్లు నింపుకోవాల్సి ఉండేది. అంత దూరం కుదరకపోతే 50 మైళ్లు. ఒడ్డున బతికేవి నడి సముద్రంలో బతకవు, నడి సముద్రంలోవి ఒడ్డున బతకవు, అదీ ఆలోచన. అయితే ట్యాంకు అడుగున పేరుకున్న బురద అలాగే ఉండిపోతుంది. ఆస్ట్రేలియాకు వచ్చిన ఒక ఓడ ట్యాంకులో, ఆల్చిప్పలు తిన్నవాళ్లకు పక్షవాతం తెచ్చే విషపు నాచు గింజలు 30 కోట్లకు పైగా ప్రాణంతో ఉన్నాయని లెక్కగట్టారు. ఆ గింజలు బురదలో ఏళ్ల తరబడి నిద్రపోగలవు.

అందుకని రెండో పద్ధతి. ఓడలోనే శుద్ధి యంత్రం. నీళ్లను వడగట్టి, అతినీలలోహిత కాంతితో గానీ, ఉప్పునీటిలోంచి కరెంటుతో తయారు చేసుకున్న క్లోరిన్‌తో గానీ చంపుతారు. వదిలే నీళ్లలో, అర మిల్లీమీటరులో పదో వంతు అంటే 50 మైక్రాన్లు, అంతకు మించిన ప్రాణులు వెయ్యి లీటర్లకు పది కన్నా తక్కువే ఉండాలి. 2024 సెప్టెంబరు 8 నుంచి ఒప్పందం కిందికి వచ్చే ఓడలన్నీ ఈ ప్రమాణానికి రావాలి. ఎక్కడ నీళ్లు ఎక్కించారు, ఎక్కడ దింపారు అని రికార్డు పుస్తకం రాయాలి, రేవులో అధికారులు దాన్ని అడిగి చూడొచ్చు, నీళ్ల శాంపిల్ తీయొచ్చు.

చిక్కులు రెండు. యంత్రాలు తేట నీళ్లలో బాగా పనిచేస్తాయి, బురద నీళ్లలో ఫిల్టర్లు మూసుకుపోతాయి, కాంతి లోపలికి దిగదు. ఆగస్టులో గోదావరి ఎర్ర నీళ్లు కలిసిన అఖాతంలో పామాయిల్ దింపి నీళ్లు తోడుకునే ట్యాంకర్‌కు అది పరీక్షే. రెండోది ఇంకా పెద్దది. ఒక దేశం జెండాతో ఆ దేశపు నీళ్లలోనే తిరిగే ఓడలకు, నష్టం ఉందని ఆ దేశమే తేల్చితే తప్ప, ఈ ఒప్పందం వర్తించదు. పైన చెప్పిన ఎన్నూరు బొగ్గు ఓడల దారి గుర్తుందా? సరిగ్గా ఆ సందులోనే ఉంది. కొత్త జాతి ఒకటి మన తీరంలో ఒక చోట వేళ్లూనుకున్నాక, తీరం వెంబడి తిరిగే ఓడల్ని కూడా విదేశీ ఓడల్లాగే చూడాలి, కనీసం చారూ ఉన్న రేవు నుంచి వచ్చేవాటి రికార్డైనా ముందు అడగాలి. మన రేవుల అధికారులను, ప్రజాప్రతినిధులను అడగాల్సింది ఇదీ.

ప్రశ్న: ఒకవేళ వచ్చేసిందే అనుకుందాం. మందు కొట్టి మొత్తం చంపేయలేమా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

ఒకసారి చంపారు. 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో, విశాఖలో దిగిన ఆ నల్ల చారల గుల్లే పడవలు ఆపే మెరీనాల్లో కనబడింది. కనబడిన కొన్ని రోజుల్లోనే మూడు మెరీనాల గేట్లు మూసేసి, టన్నుల కొద్దీ క్లోరినూ మైలుతుత్తమూ పోసి, గుల్లతో పాటు లోపల ఉన్న సమస్త జీవాన్నీ చంపారు. అక్కడి నుంచి అప్పటికే బయటికి పోయిన పడవల్ని కూడా వెతికి పట్టుకుని తనిఖీ చేశారు. గుల్ల పూర్తిగా పోయింది.

అది ఎందుకు కుదిరిందంటే, ఆ మెరీనాలకు తలుపులున్నాయి. తొందరగా కూడా చూశారు. కోరంగికి ఏ తలుపు వేస్తాం? గౌతమి పాయలో మైలుతుత్తం పోస్తే పీతా పోతుంది, పండుగొప్పా పోతుంది, మడ చెట్ల కింద చేపపిల్లలన్నీ పోతాయి. నదిలో పరుచుకున్నాక మిగిలేది యంత్రాలతో తవ్వి తీయడం. ఒక పక్క తీస్తుంటే ఇంకో పక్క పెరుగుతుంది, డబ్బు మాత్రం ఏటా పోయాలి. ఏం చేసినా మొదటి గుత్తి దొరికినప్పుడే చేయాలి. ఆ మొదటి గుత్తిని చూసేది శాస్త్రవేత్త కాదు, రోజూ తాడు లాగే మనిషే.

ప్రశ్న: మాది భైరవపాలెం వైపు. మా అబ్బాయి చేత రాయిస్తున్నానండి. లంగరు తాడుకీ, గెడలకీ నల్లటి చిన్న చిప్పలు గుత్తులుగా పడుతున్నాయి. చిన్నప్పటి నుంచి ఇలాంటివి చూస్తూనే ఉన్నాం గానీ ఇవి అవేనా, కొత్తవా తెలీడం లేదు. ఎలా గుర్తు పట్టాలండి?
— వేట చేసుకునే ఆయన

మీ ఉత్తరం చదివి చాలా సంతోషం వేసిందండి. ఇలా గమనించేవాళ్లు ఉంటే చాలావరకు పని అయినట్టే.

మన సొంత ఆల్చిప్పల్లో ఎక్కువ కనబడే పచ్చ ఆల్చిప్ప సంగతి మీకు తెలుసు, అంచు దగ్గర పచ్చగా మెరుస్తుంది, ఎదిగితే వేలెడు పొడుగు దాటుతుంది. మీ తాడు మీదివి అవి కాకపోతే నాలుగు గుల్లలు పీకి, కడిగి, కత్తి మొనతో మూత విప్పి, లోపలి మాంసం తీసేసి వెలుతురులో చూడండి. మొన దగ్గర, రెండు మూతలూ కలిసే మూల లోపల, చిన్న అరలాగా తెల్లటి పలక ఒకటి అడ్డంగా ఉంటే అది నల్ల చారల గుల్ల అయ్యే అవకాశం ఎక్కువ. గోరుతో తడిమితే తెలుస్తుంది. అలాంటి అర లేకుండా, లోపలంతా ఊదా రంగు కలిసి నిగనిగలాడుతూ, పైన ముదురు గోధుమ నుంచి నలుపు దాకా ఉండి, గుల్ల మూడు నాలుగు సెంటీమీటర్లకు పెరిగి ఉంటే చారూ అని అనుమానించాలి. చారూలో రంగులు మారుతుంటాయి, కొన్ని పచ్చగా, పసుప్పచ్చగా కూడా ఉంటాయి, కాబట్టి పైరంగు చూసి తేల్చేయకండి. మనకు ఎప్పటి నుంచో ఉన్న నల్ల చిన్న ఆల్చిప్పలూ ఉన్నాయి, ఇంటి దగ్గర చూసి ఖాయంగా చెప్పలేరు, తెలిసినవాళ్లు చూడాల్సిందే.

కాబట్టి గుత్తిని తాడు ముక్కతో సహా కోసి, సగం గుల్లల్ని స్పిరిట్ పోసిన సీసాలో, సగాన్ని ఎండబెట్టి కవరులో వేయండి. ఏ చోట దొరికింది, ఎంత లోతున, ఏ నెలలో, నీళ్లు ఉప్పగా ఉన్నాయా చప్పగా ఉన్నాయా అని మీ అబ్బాయి చేత కాగితం మీద రాయించండి. పక్కన పది రూపాయల బిళ్ల పెట్టి ఫోటో తీయించండి, సైజు తెలుస్తుంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు కాకినాడలో కేంద్రం ఉంది, అక్కడ ఇవ్వండి. అది దూరమైతే మీ మత్స్యశాఖ ఆఫీసులో ఇచ్చి, ఇచ్చినట్టు రాయించుకోండి. జవాబు రాకపోతే మాకు రాయండి, మేం అడుగుతాం.

ఈ లోపల ఒక్క సాయం చేయండి. ఆ గెడలు, తాళ్లు, వలలు తడిగా ఉండగానే వేరే పాయకు తీసుకెళ్లకండి, ముందు ఒడ్డున బాగా ఎండబెట్టండి. పడవ అడుగు గీకినప్పుడు వచ్చిన గుల్లల్ని నీళ్లలోకి నెట్టకుండా పైకి లాగి పోగు పెట్టించండి. పెద్ద ఓడ నుంచి దిగింది ఒక చోటే ఉంటుంది, అక్కడి నుంచి పాయ పాయకూ తిప్పేది మన చిన్న పడవలే. మీ పేటలో మిగతావాళ్లకు కూడా ఈ మాట మీరే చెప్పండి, మేం రాసిన దానికన్నా మీరు చెప్తే వింటారు.